ఇటలీ పల్లెల్లో వారం రోజులు: ముందు ఇల్లు, తర్వాత కారు, ఊళ్లు ఆఖరున

ఇటలీ అనుకోగానే మనవాళ్లు మొదట చేసే పని ఊళ్ల జాబితా రాయడం. రోమ్ రెండు రోజులు, ఫ్లోరెన్స్ ఒకటిన్నర, పీసా వాలు గోపురం ముందు ఫొటోకి ఒక పూట, వెనిస్, మిలాన్. జాబితా తయారయ్యాక హోటళ్లు వెతుకుతారు. అంతా అయ్యాక ఎవరో ఒకరు "పల్లెలు కూడా చూస్తే బాగుంటుంది కదా" అంటారు. అప్పుడు మధ్యలో రెండు రోజులకు ఒక కారు ఇరికిస్తారు. జరిమానాలూ, తగువులూ, పస్తులూ అన్నీ ఆ రెండు రోజుల్లోనే పడతాయి.

పల్లె ఇటలీకి ఈ వరస తిరగేయాలి. ముందు ఇల్లు తేల్చుకోవాలి. ఆ ఇంటికి వెళ్లే దారినీ, మన సామానునీ బట్టి కారు. ఆ కారులో గంటలోపు వెళ్లగలిగినవే మన ఊళ్లు. వారం మొత్తం ఒకే ఇంట్లో ఉండి, రోజుకో పూటైనా వండుకోవాలి. బద్ధకస్తుల పద్ధతిలా కనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పల్లెటూరి ఇళ్లు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. బిల్లులో "పులిజియే ఫినాలి" అని ఉండే శుభ్రం చేసే ఖర్చు రెండు రాత్రులున్నా ఏడు రాత్రులున్నా ఒకటే. ఇల్లు మారిన ప్రతిసారీ నూనె, ఉప్పు, బియ్యం, గిన్నెల సబ్బు మళ్లీ కొనాలి, లేదా మూటగట్టుకుని తిరగాలి. ఉదయం పదింటికల్లా ఖాళీ చేయమంటారు, కొత్త ఇంటి తాళాలు సాయంత్రం నాలుగుకి గానీ ఇవ్వరు. ఆ ఆరు గంటలూ సూట్‌కేసులతో నిండిన కారుని ఎక్కడా వదిలి వెళ్లలేం. ఇల్లు మారిన రోజు అంటే పోయిన రోజు.

ఎక్కడ ఉండాలి

ఫ్లోరెన్స్ చుట్టూ ఉండే టస్కనీ ప్రాంతం అనగానే అందరూ కియాంతీ కొండలకో, 2004లో యునెస్కో జాబితాకెక్కిన వాల్ దోర్చాకో ఎగబడతారు. రెండూ అందమైనవే, కాదనను. కానీ మొదటిసారి వెళ్లే కుటుంబానికి నా ఓటు వాటి పక్కనున్న చోటుకి: టస్కనీ దక్షిణపు అంచూ, దాని పక్కనుండే అంబ్రియా పడమటి అంచూ కలిసే ప్రాంతం. కియూసి, కాస్తిల్యోనె దెల్ లాగో, త్రజిమేనో సరస్సు చుట్టుపక్కల పల్లెలు. రోమ్‌నీ ఫ్లోరెన్స్‌నీ కలిపే ఏ1 హైవే పక్కనుంచే పోతుంది. కియూసిలో రెండు వైపులకీ వెళ్లే రైళ్లు ఆగుతాయి. మోంతెపుల్చానో, పియెంజా, కోర్తోనా, పెరూజా, ఓర్వియేతో, కాస్త సాగదీస్తే అస్సీసి, సియెనా, అన్నీ గంట అటూ ఇటూ దూరంలోనే. అద్దెలు కూడా సాధారణంగా వాల్ దోర్చా కన్నా సరస్సు వైపు తక్కువ.

గంట అంటున్నాను గానీ కిలోమీటర్లు అనడం లేదు, గమనించండి. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి రెండు దారులున్నాయి. టోల్ లేని నాలుగు వరసల రోడ్డులో గంట, గంటంపావు. గ్రేవె, పాంజానో, కాస్తెల్లీనా మీదుగా పోయే 222వ నంబరు కొండదారి దూరంలో దానికన్నా పెద్ద ఎక్కువేమీ కాదు, కానీ రెండు గంటలు దగ్గర దగ్గర పడుతుంది. వంపు తర్వాత వంపు, ముందు ట్రాక్టరో సైకిళ్ల గుంపో. వెనక సీట్లో పిల్లలకి వాంతులు మొదలైతే ఇంకో అరగంట. మ్యాపులో చుట్టూ యాభై కిలోమీటర్ల గీత గీసుకుని ప్లాన్ వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి ఇంకో ముడి ఉంది: వీసా. ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకి చెల్లే షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు దాకా తీసుకుంటారు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అన్ని రాత్రులకీ బస చూపించాలి. బుకింగ్ కాగితంలో దరఖాస్తుదారులందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా ఇంటి యజమానిని అడిగి రాయించుకోండి. "నలుగురు పెద్దలు" అని మాత్రమే ఉన్న కాగితం ఇబ్బంది పెడుతుంది. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న ఇల్లే తీసుకోవాలి. డబ్బు తిరిగి రాని బుకింగ్ నూటికి పదిహేను చవకగా కనిపించినా అది చవక కాదు.

ఇంటి యజమానిని అడగాల్సినవి

పల్లె ఇళ్లు రెండు రకాలు. ఒకటి మామూలు అద్దె ఇల్లు. రెండోది అగ్రితురిస్మో, అంటే నడుస్తున్న వ్యవసాయ క్షేత్రంలో అతిథులకిచ్చే గదులో వాటాలో. 2006 నాటి చట్టం ప్రకారం అక్కడ వ్యవసాయమే ప్రధానం, అతిథులు దాని పక్కన ఉండే ఆదాయం మాత్రమే. అందుకే ఉదయం ఆరింటికి కిటికీ కింద ట్రాక్టరు మోగితే ఫిర్యాదు చేయకూడదు. దాని లాభం వేరే ఉంది: వాళ్ల నూనె, వాళ్ల కూరగాయలు, చాలాచోట్ల ముందు చెబితే రాత్రి భోజనం. దిగిన రోజు రాత్రికి ఆ భోజనం తప్పకుండా చెప్పుకోండి. ఏ రకమైనా, 2025 జనవరి 1 నుంచి ప్రకటనలో "చిన్" అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి. అది లేని ఇంటి జోలికి పోకండి. చేరగానే యజమాని పాస్‌పోర్టులు అడుగుతాడు. అనుమానపడక్కర్లేదు, 24 గంటల్లోపు పోలీసుల పోర్టల్‌లో వివరాలు ఎక్కించడం అతని బాధ్యత. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను ఉంటుంది, ఎక్కువగా నగదులోనే తీసుకుంటారు.

ఫొటోల్లో ఈత కొలను, ద్రాక్ష పందిరి ఎలాగూ పెడతారు. ఫొటోల్లో పెట్టనివి అడగాలి. చివరి రెండు మూడు కిలోమీటర్లు తారు రోడ్డా, మట్టి కంకర రోడ్డా? స్త్రాదా బియాంకా అనే ఆ తెల్ల కంకర రోడ్లు చూడ్డానికి సినిమాలా ఉంటాయి. వాన పడ్డాక ఏటవాలులో చక్రం జారుతుంది, ఎండాకాలం రాళ్లు కారు అడుగుభాగానికి తగులుతాయి. అద్దె కారు బీమాలో అడుగుభాగం సాధారణంగా ఉండదు. రెండు కిలోమీటర్ల చదును కంకర ఫరవాలేదు, ఆరు కిలోమీటర్ల ఎగుడుదిగుడు దారి రోజుకి రెండుసార్లు అంటే వద్దు. చిరునామా చివర "ఎస్.ఎన్.సి" అని ఉంటే ఇంటికి నంబరు లేదని అర్థం. అక్షాంశ రేఖాంశాలు అడిగి తీసుకుని మ్యాపులో ముందే గుచ్చుకోండి, ఆ ప్రాంతం మ్యాపు ఫోనులో దింపుకోండి. ఫోన్ మ్యాపు రెండు నిమిషాలు కలిసొస్తాయని పొలాల మధ్య నుంచి పంపిస్తుంది. యజమాని చెప్పిన దారే పట్టండి.

తర్వాత డబ్బు లెక్కలు. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిశాయా? కరెంటు, గ్యాసు, హీటింగు విడిగా మీటరు చూసి తీసుకుంటారా? ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్లేవాళ్లకి ఇది ముఖ్యం. రాతి గోడలు ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, అవే అక్టోబరు చివర్లో ఎముకలు కొరుకుతాయి. ద్రవ గ్యాసు ట్యాంకుతో నడిచే హీటరు వారానికి వంద యూరోలు దాటించినా ఆశ్చర్యం లేదు. జూలై, ఆగస్టుల్లో ఏసీ ఉందా అని మాత్రమే కాదు, పడకగదిలో ఉందా అని అడగాలి. కిటికీలకి దోమతెరలు ఉన్నాయా అన్నది కూడా. లేకపోతే దోమలు రాత్రంతా జోలపాట పాడతాయి.

వంటిల్లు

వెయ్యిన్నొక్క బ్లాగుల్లో ఇల్లు గురించి రాస్తారు గానీ పొయ్యి గురించి ఎవరూ రాయరు. పొయ్యి గ్యాసుదా, ఇండక్షనా? ఇండక్షన్ అయితే ఇండియా నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరు కావాలి. గ్యాసు అయితే రెండు సంగతులు. ఒకటి, గొట్టం మీద ఉండే వాల్వు చాలా ఇళ్లలో సింకు కింది అలమరలోనో, పొయ్యి పక్క గూట్లోనో ఉంటుంది, పాత అతిథులు వెళ్లాక కట్టేసి ఉంచుతారు. రెండు, నాబ్ లోపలికి నొక్కి, తిప్పి, మంట అంటుకున్నాక కూడా ఐదు నుంచి పది సెకన్లు అలాగే నొక్కి పట్టుకోవాలి. మంట పక్కనున్న చిన్న లోహపు పుల్ల వేడెక్కితేనే గ్యాసు నిలబడుతుంది. వెంటనే వదిలేస్తే ఆరిపోతుంది. "గ్యాసు అయిపోయింది" అని యజమానికి రాత్రి తొమ్మిదింటికి వెళ్లే ఫోన్లలో సగం ఈ పుల్ల వల్లే.

ఇంతకన్నా పెద్ద తిప్పలు కరెంటుతో. ఇటలీలో ఇళ్లకి మామూలుగా ఉండే కనెక్షన్ 3 కిలోవాట్లు. పది శాతం వెసులుబాటు ఉంటుంది, ఆ పైన బాగా దాటితే మీటరు దగ్గర స్విచ్చి పడిపోతుంది. ఓవెన్ దాదాపు రెండు కిలోవాట్లు. వాషింగ్ మెషీన్ నీళ్లు కాచేటప్పుడు ఇంకో రెండు. మనవాళ్లకి టీ కావాలని కెటిల్ పెడితే మరో రెండు. ఇల్లంతా చీకటి. లోపలి బోర్డులో అన్ని స్విచ్చులూ పైకే ఉంటాయి, అయినా కరెంటు రాదు, ఎందుకంటే పడింది మీటరు దగ్గర. ఆ మీటరు పల్లె ఇళ్లలో తరచూ బయట గేటు దగ్గర గోడలో ఇనుప తలుపు వెనక ఉంటుంది. తాళాలు తీసుకునేటప్పుడే, వెలుతురుండగా, మీటరు పెట్టె ఎక్కడో చూపించమనండి. దాని తాళం కూడా అడగండి. ఓవెన్ తిరుగుతుంటే బట్టలు ఉతకకూడదు, అంతే సూత్రం.

వోల్టేజి మన దేశంలో లాంటిదే కాబట్టి మార్పిడి యంత్రం అక్కర్లేదు. రెండు పుల్లల ఫోను చార్జర్లు నేరుగా దూరుతాయి. మన మూడు పుల్లల ప్లగ్గు మాత్రం దూరదు, అడాప్టరు కావాలి. మిక్సీ మోసుకెళ్లాలన్న ఆలోచన మానుకోండి, పొడులు పట్టుకెళ్లండి.

ఏం తీసుకెళ్లాలి, అక్కడేం దొరుకుతాయి

ఐరోపా యూనియన్ బయటనుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల ఉత్పత్తులు సామానులో తేకూడదు. అంటే నెయ్యి, పనీర్, కోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా కుదరవు. కొబ్బరికాయకి, అరటిపండ్లకి మాత్రం మినహాయింపు ఉంది, ఎందుకో ఆ నియమం రాసినవాళ్లకే తెలియాలి. నలుగురికి వారానికి పసుపు 50 గ్రాములు, కారం 150, ఆవాలు, జీలకర్ర యాభై యాభై, చింతపండు 150, ఇంగువ చిన్న డబ్బా, సాంబారు పొడి, కందిపొడి, ఎండబెట్టిన కరివేపాకు గుప్పెడు. ఆవకాయ సీసా వద్దు, సీలు వేసిన పొట్లం తీసుకుని దాన్ని ఇంకో రెండు కవర్లలో కట్టండి. రెండు లీటర్ల కుక్కరు బరువనిపించినా దాని విలువ మూడో రోజుకి తెలుస్తుంది. ఇంతకు మించి ఒక సూట్‌కేసు నిండా సరుకులు మోయడం అనవసరం, మిగతావన్నీ అక్కడి సూపర్ మార్కెట్లలోనే ఉన్నాయి.

కోప్, కోనాద్, యూరోస్పిన్, లీడిల్, ఏదైనా సరే. బియ్యం అరలో ఆర్బోరియో, కార్నరోలి అన్న పేర్లు చూసి తీసుకుంటే అన్నం ముద్దవుతుంది, అవి రిసోత్తో బియ్యం. "బస్మతి" అని ఉన్నదే తీసుకోండి. కందిపప్పు దొరకదు. "లెంతిక్కియె రొస్సె దెకోర్తికాతె" అంటే మన ఎర్ర మసూరు పప్పే, కుక్కరు లేకపోయినా పావుగంటలో ఉడుకుతుంది. "ఫరీనా ది చేచి" శనగపిండి, పకోడీలకి ఢోకా లేదు. "సెమొలీనో" అనే సన్న రవ్వతో ఉప్మా బాగానే వస్తుంది, నీళ్లు కాస్త తగ్గించాలి. పెరుగుకి "యోగుర్త్ బియాంకో ఇంతేరో" చూసుకోండి, మూత మీద చక్కెర అంటే "జుక్కెరో" లేకుండా. పోపుకి ఆలివ్ నూనె వాడే కన్నా ఒక లీటరు పొద్దుతిరుగుడు నూనె కొనడం మంచిది. మంచి ఆలివ్ నూనె సలాడ్ మీద, రొట్టె మీద పోసుకోవాలి, ఆవాలు చిటపటలాడించడానికి కాదు. నెయ్యికి దిగులు లేదు: ఇటలీ వెన్నలో మామూలుగా ఉప్పు ఉండదు. పావుకిలో వెన్న సన్నమంట మీద పావుగంట కాస్తే దాదాపు 200 గ్రాముల నెయ్యి.

ఈ ప్రాంతంలోనే ఉన్నప్పుడు ఒక్కటి వదలొద్దు: ఫజొలీనా దెల్ త్రజిమేనో. సరస్సు చుట్టూ పండే ఈ చిన్న గింజ ఐరోపా బీన్సు కాదు, మన అలసందల జాతే, బొబ్బర్లే. గోధుమ గింజ కన్నా కాస్త పెద్దగా, తెలుపు, గోధుమ, నలుపు కలిసి ఉంటుంది. చేత్తో కోస్తారు కాబట్టి ఖరీదెక్కువ. నానబెట్టక్కర్లేదు, ముప్పావు గంటలో మెత్తబడుతుంది. అక్కడివాళ్లు ఉడికించి ఆలివ్ నూనె, ఉప్పు వేసుకుని తింటారు. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెడితే గుగ్గిళ్లు.

శాకాహారులు చూసుకోవాల్సినవి మూడు. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో, పెకొరీనో చీజులు జంతువుల కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు. పార్మిజానోకి నియమమే అది. పియాదీనా రొట్టెల్లో "స్త్రుత్తో" ఉంటే అది పంది కొవ్వు. హోటల్లో కూరగాయల సూపు మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు, అడగాలి. అన్నట్టు, టస్కనీ, అంబ్రియాల్లో నాటు రొట్టెకి ఉప్పు వేయరు. పాడైందనుకుని పారేయకండి, పచ్చడితో తింటే దాని సంగతి తెలుస్తుంది.

సూపర్ మార్కెట్లో కూరగాయలు ప్లాస్టిక్ చేతితొడుగు వేసుకుని ఏరాలి, తూకం మీద పెట్టి అర మీదున్న నంబరు నొక్కి, వచ్చిన చీటీ అంటించాలి. కౌంటరు దాకా వచ్చి చీటీ లేక వెనక్కి పరుగెత్తే మనుషులు ప్రతి వరసలోనూ ఒకరుంటారు. ట్రాలీకి ఒక యూరో నాణెం కావాలి. అసలు ప్రమాదం వేళలతో. చిన్న ఊళ్లలో కొట్లు మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి నాలుగుకో ఐదుకో తెరుస్తారు. ఆదివారం పెద్ద మార్కెట్లు తప్ప మిగతావి మూతే, పల్లెలో పూర్తిగా మూతే. శనివారం ఇల్లు చేరేది సాయంత్రం. కాబట్టి హైవే దిగిన చోటే, ఇంటికి చేరకముందే, ఆదివారం రాత్రి దాకా సరిపడా కొనేయాలి: బియ్యం కిలో, ఎర్రపప్పు అరకిలో, ఉల్లిపాయలు, టమాటాలు కిలో కిలో, నూనె, పాలు రెండు లీటర్లు, పెరుగు కిలో, గుడ్లు, పాస్తా, ఉప్పు, పంచదార. కూరగాయలకి తర్వాత సంతలున్నాయి. బుధవారం కాస్తిల్యోనె దెల్ లాగోలో, శుక్రవారం పియెంజాలో, శనివారం కోర్తోనాలో. పొద్దున్నే వెళ్లాలి, ఒంటిగంటకి బండ్లు కట్టేస్తారు.

కారు

చిన్న కారు తీసుకోమంటే మనవాళ్లకి చిన్నతనం. ఫియట్ పాండా వెడల్పు 1.64 మీటర్లు, పల్లె సందుల్లో దానికి ఎదురులేదు. కానీ దాని డిక్కీ 225 లీటర్లు, ఒక పెద్ద సూట్‌కేసు పెడితే నిండిపోతుంది. ఇద్దరికైతే అదే. నలుగురికి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ సైజు కారు, 380 లీటర్లు: రెండు మధ్యరకం సూట్‌కేసులు, పైన రెండు చిన్న బ్యాగులు. ఇంకా కావాలంటే ఫియట్ టీపో స్టేషన్ వ్యాగన్, 550 లీటర్లు. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంటుంది కాబట్టి బట్టలు నాలుగు జతలు చాలు. కారుని పెంచే కన్నా సామాను తగ్గించడం తేలిక. ఏడు సీట్ల ఎస్‌యూవీ తీసుకుంటే గోడల మధ్య అద్దాలు మడుచుకుని, ఎదురొచ్చిన కారుకి దారివ్వడానికి రెండొందల మీటర్లు రివర్సులో వెళ్లాల్సి వస్తుంది. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే ఒక వ్యాను కన్నా రెండు చిన్న కార్లు మేలు. ఒక కుటుంబం చర్చి చూస్తే ఇంకో కుటుంబం ఇంట్లో పడుకోవచ్చు, స్నేహం నిలుస్తుంది.

ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లకి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఆర్టీవో ద్వారా వస్తుంది, ఏడాది చెల్లుతుంది. రెండూ జేబులో ఉండాలి, పర్మిట్ ఒక్కటే చెల్లదు. అమెరికా లైసెన్సువాళ్లకీ కావాల్సిందే. కౌంటర్లో అడగకపోయినా రోడ్డు మీద పోలీసులు అడుగుతారు. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకి ఇంకో చిక్కు: ఇటలీలో మామూలుగా ఇచ్చేది గేర్ల కారు. ఆటోమేటిక్ కావాలంటే నెలల ముందే, ఎక్కువ డబ్బుకి బుక్ చేయాలి. డిపాజిట్ పట్టి ఉంచడానికి డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, భార్య కార్డు భర్త డ్రైవింగుకి పనికిరాదు. లిమిట్ ముందే చూసుకోండి. బేసిక్ బీమాలో మనం భరించాల్సిన వాటా, "ఫ్రాంకీజియా", వెయ్యి యూరోలు దాటడం మామూలే. దాన్ని సున్నా చేసే కవరు కౌంటర్లో కొన్నా, బయట వేరే బీమాగా కొన్నా, టైర్లు, అద్దాలు, అడుగుభాగం, పైకప్పు అందులో ఉన్నాయో లేదో చదవాలి. బయట కొన్నదైతే ముందు మన కార్డు మీద కోత పడుతుంది, తర్వాత కాగితాలు పెట్టి తెచ్చుకోవాలి.

హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి దిగి, నిద్రమొహంతో, కుడివైపు ట్రాఫిక్‌లో, ఎడమ సీట్లో కూర్చుని రోమ్ రింగు రోడ్డు ఎక్కడం ఎవరికీ మంచిది కాదు. శుక్రవారం దిగి, ఫ్యుమిచీనో విమానాశ్రయం దగ్గరే పడుకుని, శనివారం పొద్దున కారు తీసుకోండి. కియూసి అక్కడికి దాదాపు 180 కిలోమీటర్లు. మొదటి రోజు డ్రైవరు కారుని తెలియకుండా కుడి అంచుకి లాగేస్తాడు, ఎందుకంటే ఎడమ సీట్లో కూర్చున్నా మనసు కుడి సీట్లోనే ఉంటుంది. కుడివైపు టైర్లు, రిమ్ములు గీసుకునేది అందుకే. పక్క సీటు మనిషి ఫోను పక్కన పెట్టి "కుడి దగ్గరైంది" అని చెబుతూ ఉండాలి.

రోడ్డు, బంకు, గేటు

హైవే వేగం 130, వానలో 110. ఊరి బయట మామూలు రోడ్లు 90, ఊళ్లో 50. టోల్ గేటులో పసుపు రంగు టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) వరసలోకి పోకూడదు. చేయి, నాణేల బొమ్మ ఉన్నది నగదుకి, నీలం రంగుది కార్డుకి. పొరపాటున పసుపు వరసలో దూరితే వెనక్కి తీయకండి, చాలా పెద్ద నేరం. సహాయం బటన్ నొక్కితే ఒక చీటీ వస్తుంది, పదిహేను రోజుల్లోపు కట్టుకోవచ్చు.

పెట్రోలుని బెంజీనా అంటారు, డీజిల్‌ని గజోలియో. మనుషులు పోసే "సెర్వీతో" పంపులో లీటరు ధర ఎక్కువ, "సెల్ఫ్" పంపులో తక్కువ. మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం పల్లె బంకుల్లో మనుషులుండరు. మిషన్లో నోటు పెట్టి పంపు నంబరు నొక్కాలి. విదేశీ కార్డులు కొన్నిసార్లు తీసుకోదు, చిల్లర ఎప్పుడూ ఇవ్వదు. ట్యాంకులో ఇరవైకే చోటుంటే యాభై నోటు పెట్టకండి.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు జెడ్‌టీఎల్. పాత ఊళ్ల లోపలికి స్థానికుల వాహనాలు తప్ప వెళ్లకూడని ప్రాంతం అది. తెల్లటి పలక మీద ఎర్ర వలయం, పక్కనే కెమెరా. ఎలక్ట్రానిక్ బోర్డు మీద "వార్కో అత్తీవో" అని ఉంటే గేటు పనిచేస్తోందని, అంటే లోపలికి వెళ్తే జరిమానా అని. "అత్తీవో" అన్న మాట చూసి తెరిచి ఉందనుకుని దూరేవాళ్లు కోకొల్లలు. కనీస జరిమానా 83 యూరోలు.

దీనికి మందు లోపలికి వెళ్లకపోవడమే, ఈ ఊళ్లన్నీ అందుకు ఏర్పాట్లు చేసి ఉంచాయి కూడా. ఓర్వియేతోలో రైల్వే స్టేషన్ దగ్గర కారు పెట్టి ఫ్యూనిక్యులర్, అంటే తాడు లాగే కొండ రైలు, ఎక్కితే కొండ మీద దిగుతారు. పెరూజాలో పియాజ్జా పార్తిజానీ పార్కింగు నుంచి ఎస్కలేటర్లు పాత కోట కడుపులోంచి ఊరి నడిమధ్యకి తీసుకెళ్తాయి. లేదా ఊరి బయట పియాన్ ది మస్సియానోలో ఆపి మినీమెట్రో ఎక్కొచ్చు. సియెనాలో సంతా కాతెరీనా, కోర్తోనాలో స్పిరితో సాంతో, రెండిటికీ ఎస్కలేటర్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఈ నాలుగు ఊళ్ల పార్కింగు పేర్లు రాసి పెట్టుకోండి. పార్కింగు గీతల్లో నీలం అయితే డబ్బు కట్టాలి, పసుపు అయితే మనది కాదు, తెలుపు ఉచితం. తెలుపులోనూ బోర్డు మీద గడియారం బొమ్మ ఉంటే వచ్చిన వేళ తిప్పి పెట్టిన అట్ట ముందు అద్దం వెనక ఉంచాలి.

ఫ్లోరెన్స్‌కీ రోమ్‌కీ అసలు కారులో వెళ్లొద్దు. కియూసి స్టేషన్లో కారు వదిలి ప్రాంతీయ రైలెక్కితే ఏ వైపుకైనా గంటన్నర, రెండు గంటలు. కాగితం టికెట్టుని రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మిషన్లో గుచ్చాలి, లేకపోతే టికెట్టున్నా జరిమానానే.

ఇంత చెప్పాక కూడా ఈ పద్ధతి అందరికీ కాదు. డ్రైవింగు ఒక్కరికే వచ్చి, ఆ ఒక్కరికీ కొండదారులంటే భయమైతే వద్దు. మూడు పూటలా వంట ఇంటి ఆడవాళ్ల మీదే పడే కుటుంబమైతే అది వాళ్లకి సెలవు కాదు, ఊరు మారిన చాకిరీ. వంట వంతులు టికెట్లు కొనకముందే తేల్చుకోవాలి. నాలుగు రోజులే ఉంటే రోమ్‌లోనే ఉండండి.

ఆఖరి శనివారం పదింటికి ఇల్లు వదలాలి కాబట్టి శుక్రవారం రాత్రే చెత్త సంగతి చూడాలి. తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు వేరు చేయడం ప్రతి ఊళ్లో నియమమే, ఏ రోజు ఏది తీసుకెళ్తారో ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంటుంది. కారు తిరిగి ఇచ్చే చోటుకి దగ్గరి బంకులో ట్యాంకు నింపి రసీదు దాచుకోండి. నాలుగు వైపులా, చక్రాలూ, పెట్రోలు ముల్లూ, కిలోమీటర్లూ ఫొటో తీసుకోండి, తీసుకున్న రోజు తీసిన ఫొటోలు పక్కన ఉండాలి. తర్వాత ఎప్పుడో కార్డు మీద కారు కంపెనీ చిన్న మొత్తం కోస్తే అది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకి ఇచ్చినందుకు రుసుం. అసలు జరిమానా నోటీసు విదేశాల్లో ఉండేవాళ్లకి 360 రోజుల దాకా రావచ్చు. అందులో తేదీ, గంట, కెమెరా ఉన్న వీధి ఉంటాయి. కారు నంబరు సరిచూసుకుని, నోటీసు అందిన ఐదు రోజుల్లోపు కట్టేస్తే ముప్ఫై శాతం తగ్గుతుంది.